వెనక ఎడమ తలుపు

పాత కారు కొనబోయేవాళ్ళు ముందుగా బానెట్ ఎత్తమంటారు. నేను ఎత్తమనను. తలుపులన్నీ ఒక్కొక్కటిగా తెరిచి, వేసి, వింటాను. ఇంజను కడిగి నూనె పూసి మెరిపించవచ్చు. రంగు కొత్తగా వేయించవచ్చు. మీటరు వెనక్కి తిప్పే మహానుభావులు మన దగ్గర వీధికొకరున్నారు. తలుపు చప్పుడును మాత్రం ఎవరూ బాగుచేయించరు. దాన్ని వినేవాడు ఒకడున్నాడని ఎవరికీ తోచదు కాబట్టి.

ఈ విద్య నాకు కాటేదాన్‌లో అబ్బింది. లారీలకు స్ప్రింగు పట్టీలు చేసే కార్ఖానాలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. ఎర్రగా కాలిన పట్టీ నూనె తొట్టిలో పడ్డప్పుడు వచ్చే చప్పుడును బట్టి అది ఎన్నేళ్ళకు విరుగుతుందో చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక లారీ పట్టీ ఫలానా వాగులో విరుగుతుందని చెబితే సరిగ్గా ఆ వాగులోనే విరిగింది. మా ఇంటామె ఈ మాట ఒప్పుకోదు. వాగు కాదు, కార్ఖానా గేటు ముందున్న గుంత అంటుంది. సరే, గుంతే. నేను చెప్పేవాటిలో రూపాయికి పదణాలు నిజం ఉంటుందని శంషాబాద్‌లో అందరికీ తెలుసు. మిగతా ఆరణాలు వినేవాళ్ళ సంతోషం కోసం. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఆ ఆరణాలు కలపలేదు. కలపాల్సిన అవసరం రాలేదు.

విమానాశ్రయం మొదలై అప్పటికి మూడేళ్ళు దాటింది. భూములు పోయినవాళ్ళు, భూములు అమ్ముకున్నవాళ్ళు, వాళ్ళను చూసి ఆశపడ్డవాళ్ళు, అందరూ కార్లు కొంటున్నారు. బెంగుళూరు రోడ్డు పక్కన వేపచెట్ల కింద, అద్దాల మీద సున్నంతో ‘అమ్మబడును’ అని రాసిన బళ్ళు వరసగా నిలబడి ఉండేవి. కొనేవాళ్ళు నన్ను వెంట తీసుకుపోయేవాళ్ళు. పోగానే బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాను. వెచ్చగా ఉందంటే మనం వచ్చేలోపలే అమ్మేవాడు ఇంజను వేడిచేసి పెట్టాడని, అంటే చల్లగా ఉన్నప్పుడు అది మొరాయిస్తుందని అర్థం. నూనె పోసే మూత తిప్పి చూస్తాను. లోపల మీగడలాంటి తెల్లటి నురగ ఉంటే నూనెలో నీళ్ళు కలిశాయి, దండం పెట్టి వచ్చేయడమే. పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి, మీటరు మాత్రం పసిపాపలా తక్కువ చూపిస్తే ఆ పాపకు మీసాలున్నట్టు లెక్క. ఆ తర్వాత తలుపులు.

ఇంత తెలిసినా బేరమాడటం మాత్రం నాకు రాదు. ఎదుటివాడు రెండుసార్లు కాదంటే మూడోసారి నేనే సరే అంటాను. అందుకని ఒక దొంగదారి కనిపెట్టాను. బండి చూసొచ్చిన సాయంత్రం, అమ్మేవాళ్ళ ఇంటికి దగ్గర్లో ఉన్న హోటల్లో కూర్చుని చాయ్ తాగుతూ ఒక కథ వదులుతాను. ఆ బండి డిక్కీలో పాము గుడ్లు పెట్టిందనో, దాన్ని కొన్న ముగ్గురికీ కుదిరిన పెళ్ళిళ్ళు చెడిపోయాయనో. రెండు రోజుల్లో ఆ కథ తనంతట తానే నడుచుకుంటూ అమ్మేవాడి గడప దాకా పోతుంది. నేను మళ్ళీ వెళ్ళేసరికి ఆయన మెత్తబడి ఉంటాడు. ఎవరికి నష్టమని అనుకునేవాణ్ణి.

మా చెల్లెలిది సాతంరాయి. విమానాశ్రయంలో సరుకుల గోదాముల దగ్గర మూటలెత్తే డెబ్బైమందికి పొద్దున టిఫిన్లు పంపేది. ఆమె భర్తకు ఒక కన్ను కనపడదు. పిండి రుబ్బడం, డబ్బాలు కడగడం ఆయన వంతు. డబ్బాలు చేర్చడానికి మాట్లాడుకున్న ఆటో ఒకరోజు వస్తే ఇంకోరోజు రాదు. ఆ నెలలో మూడుసార్లు ఆలస్యమైంది. కూలీలను చూసుకునే మేస్త్రీ ఇక ఓపిక పట్టలేనన్నాడు. వచ్చే సోమవారం నుంచి సొంత బండిలో, ఆరు కొట్టకముందే తేవాలి, లేకపోతే బుద్వేల్‌లో ఇంకొకరు అడుగుతున్నారు, వాళ్ళకిచ్చేస్తానన్నాడు. ఆ టిఫిన్లు తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. చెల్లెలు అంతకుముందే శంషాబాద్‌లో డ్రైవింగు స్కూలుకు పోయి కారు నేర్చుకుంది. వీధిలో మగవాళ్ళు నవ్వితే, నవ్వున్రి, రేపు మీ పెండ్లాలకు గూడ నేనే నేర్పిస్త అందట.

కొత్త బండి కొనే తాహతు లేదు. తెల్లవారుజామున చలిలో మొదటి తాళానికే మోగే పాత చిన్న కారు ఒకటి కావాలి, అదీ వారం లోపల. కొన్నాక ఒక్కరోజు ఆగిపోయినా ఇల్లు ఆగిపోతుంది.

“అన్నా, నువ్వు మంచిగుందంటే కొంట, లేదంటే లేదు,” అంది.

మూడు బళ్ళు చూసి మూడింటికీ దండం పెట్టాను. నాలుగోది శంషాబాద్ పాత ఊళ్ళో, మసీదు వెనక సందులో ఒక ముసలాయనది. ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. ఒక్కడే ఉంటున్నాడు. చాచా అని పిలిచాం. బూడిదరంగు చిన్న కారు, పదేళ్ళ వయసు. బానెట్ మీద చెయ్యి పెట్టాను, బండరాయిలా చల్లగా ఉంది. తాళం తిప్పగానే మోగింది. పొగ గొట్టం దగ్గర తెల్లటి ఆవిరి రెండు క్షణాలు వచ్చి ఆగిపోయింది. నూనె మూత కింద శుభ్రం. మీటరు తక్కువ చూపించింది, పెడలు రబ్బరు కూడా దానికి సాక్ష్యం చెప్పింది. అనుమానం వచ్చేంత బాగుంది బండి.

లోపల కూర్చుంటే ఒక్కటే వింతగా అనిపించింది. నడిపేవాడికి వెనక రోడ్డు కనబడటానికి ఒక అద్దం ఉంటుంది కదా, ఆ అద్దంలో రోడ్డు కనబడలేదు. వెనక ఎడమవైపు సీటు కనబడింది. సరిచేస్తే జారి మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆ సీటు కూడా, తలుపు పక్కకు ఒక చిన్న గుంటలాగా దిగబడి ఉంది. మిగతా సీటంతా కొత్తగా, పొంగి ఉంది. ఆ తలుపు పైన పట్టుకునే పిడి నల్లబడింది. కింద పట్టా ఎత్తితే నొప్పుల మందు వాసన.

తలుపులు వేసి విన్నాను. ముందు రెండూ ధబ్. వెనక కుడిది ధబ్. వెనక ఎడమ తలుపు మాత్రం అలా అనలేదు. చాలాసేపు నిలబడి ఉన్న మనిషి కూర్చుంటూ విడిచే ఊపిరిలాగా ఒక మెత్తటి చప్పుడు చేసింది. మళ్ళీ వేశాను. మళ్ళీ అదే. గొళ్ళెం కొంచెం అరిగినట్టుంది అనుకున్నాను. దానికోసం బండి వదులుకుంటామా?

చాచా అంతసేపూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బండి గొప్పలు ఒక్కటీ చెప్పలేదు. ధర అడిగితే మెల్లగా ఒక మాట చెప్పాడు, అది చెల్లెలి శక్తికి మించింది. తర్వాత ఆయనే చెల్లెల్ని ఒకటి అడిగాడు.

“వెనక ఎవరు గూసుంటరు బేటీ?”

“ఎవ్వలు గూసోరు చాచా. ఇడ్లీ డబ్బాలు గూసుంటయి.”

ఆయన వెనక ఎడమ తలుపు వైపు ఒకసారి చూసి, అచ్ఛా అన్నాడు.

బండి మంచిదే, ధరే కొండెక్కి కూర్చుంది. కాబట్టి అలవాటు ప్రకారం ఆ సాయంత్రం సందు మొదట్లో ఉన్న హోటల్లో కూర్చున్నాను. బల్లల నిండా మనుషులున్నారు. ఎవరెవరని చూడలేదు. అదే నేను చేసిన తప్పు.

నోటికొచ్చిన కథ ఇది. సాతంరాయి దాటాక, విమానాశ్రయం రోడ్డు చీలేముందు, పక్క రోడ్డు మీద ఎడమవైపు పెద్ద రాతి గుండు ఒకటుంది కదా. ఆ బూడిదరంగు బండి ఆ గుండు దగ్గరికి రాగానే దాని వెనక ఎడమ తలుపు తనంతట తానే తెరుచుకుంటుంది. ఆకుపచ్చ శాలువా కప్పుకున్న ఒక పెద్దామె కాళ్ళు బయటపెట్టి కూర్చుంటుంది. ఆమె లేచేదాకా బండి కదలదు. నడిపేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు.

పాము గుడ్ల కథ నేను ముందే ఆలోచించుకుని చెప్పాను. ఇది అలా కాదు. మొదటి ముక్క నాది, తర్వాతది వెనకాలే వచ్చింది. ఆ ఆడమనిషి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. కథ చెప్పేటప్పుడు కొందరు పిలవకుండానే వచ్చి కూర్చుంటారు. చెప్పడం అయ్యేసరికి చాయ్ చల్లారిపోయి ఉంది. దాన్ని తాగకుండానే లేచి వచ్చేశాను.

రెండు రోజులాగి చెల్లెలితో కలిసి వెళ్ళాను. కథ చాచా గడప దాకా వచ్చిందని ఆయన ముఖం చూడగానే తెలిసింది. అయితే కోపం లేదు. భయం ఉంది. మమ్మల్ని కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, నా ముందు నిలబడ్డాడు.

“నేను ఎవ్వలకు చెప్పలే. నీకెవరు చెప్పిన్రు?”

ఆయన నా జవాబు కోసం ఆగలేదు. తనే చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన భార్యకు రెండేళ్ళు జబ్బు. వారానికి మూడుసార్లు పట్నంలో దవాఖానాకు తీసుకుపోయేవాడు. ఆమె వెనక ఎడమవైపు కూర్చునేది. అద్దం ఆమె మీద పెట్టుకుని నడిపేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ గుండు దగ్గర ఆగమనేది. తలుపు తెరుచుకుని, కాళ్ళు బయటపెట్టి, జర గాలి పీల్చుకుని, దిగే విమానాలను చూసేది. తలుపు గట్టిగా వేసే బలం చేతిలో లేదు, మెల్లగా ఆనించేది. ఒకరోజు ఆ గుండు దగ్గర ఆగినప్పుడే, ఆ సీట్లోనే పోయింది. విమానం చూస్తున్నదనుకుని ఆయన చాలాసేపు కదిలించలేదు.

“గప్పటిసంది గా జాగకు రాంగనే తలుపు తెరుసుకుంటది. అందుకే అమ్ముతున్న. నాతోని అయితలేదు.”

శాలువా ఏ రంగుదని నేను అడగలేదు. అడగకుండానే చూశాను. ఎదురుగా మంచం తలాపిన మడతపెట్టి ఉంది, ఆకుపచ్చది.

ధర మా చెల్లెలి శక్తికి తగ్గట్టు ఆయనే తగ్గించాడు. ఒకే ఒక షరతు పెట్టాడు. తలుపు తెరుచుకుంటే తిట్టవద్దు, వెంటనే దబ్బున వేయవద్దు, జర సేపు ఆగి మెల్లగా వేయాలి. చెల్లెలు సరే అంది. బయటికొచ్చాక నన్ను ఒక చూపు చూసింది. నా దొంగదారి సంగతి ఆమెకు తెలుసు. ముసలాయన నా కథను నిజమనుకుని భ్రమపడుతున్నాడని అనుకుంది. నేనూ అలాగే అనుకోవడానికి ప్రయత్నించాను.

“నీ కథలకు భయపడేదుంటే నేను చిన్నప్పుడే సస్తుంటి. బండి మంచిదేనా, గది చెప్పు.”

మంచిదే అన్నాను. అది అబద్ధం కాదు.

సోమవారం బండి ఆరుకు ఇరవై నిమిషాల ముందే గోదాముల దగ్గరికి చేరింది. డెబ్బై మందిలో ఒక్కడు కూడా డబ్బా ముట్టుకోలేదు. నేను కథ చెప్పిన సాయంత్రం హోటల్లో ఉన్నవాళ్ళలో ఇద్దరు అక్కడి కూలీలేనట. నా కథ వాళ్ళతో పాటు షిఫ్టుకు పోయి అక్కడ తిని బలిసింది. నా ఒక్క తలుపు నాలుగు తలుపులైంది. కాళ్ళు బయటపెట్టి కూర్చున్న పెద్దామె ఇప్పుడు డబ్బాల మూతలు తీసి ఒక్కో ఇడ్లీని వేలితో నొక్కి చూస్తున్నది. ఆ పొద్దున సాతంరాయి బర్రెలు చట్నీతో సహా ఇడ్లీలు తిన్నాయి. మేస్త్రీ చెల్లెలికి ఇంకో రెండు రోజులు గడువిచ్చాడు. బుధవారం కూడా డబ్బాలు ఇలాగే తిరిగిపోతే తన చేతిలో ఏం లేదన్నాడు.

చెల్లెలు మా ఇంటికొచ్చి కూర్చోకుండానే చెప్పింది.

“ముడి నువ్వే ఏసినవ్. నువ్వే ఇప్పు.”

నేను వేసిన ఉపాయం ఇది. మంగళవారం నేను ఆ సీట్లోనే కూర్చుని పోతాను. అందరూ చూస్తుండగా అక్కడే కూర్చుని ఇడ్లీలు తింటాను. తర్వాత కథ నాదేనని ఒప్పుకుంటాను.

ఆ పొద్దున మంచు. శీతకాలంలో అటువైపు మంచు నేల మీద నుంచి లేస్తుంది, బీళ్ళ మీదుగా వచ్చి రోడ్డును మింగుతుంది. దీపాల వెలుగు బండి ముందు రెండు గజాలు పోయి ఆగిపోతున్నది. విమానాశ్రయం ఉన్న దిక్కున ఆకాశం నారింజరంగులో మసగ్గా వెలుగుతున్నది, దాని కింద ఏమీ లేనట్టు. నేను వెనక ఎడమవైపు కూర్చున్నాను. ఒళ్ళో పెద్ద చట్నీ గిన్నె. రెండు చేతులూ గిన్నె మీదున్నాయి. ఈ సంగతి ఎవరి ముందైనా చెబుతాను, రెండు చేతులూ గిన్నె మీదే ఉన్నాయి.

పక్క రోడ్డు మీద గుండు నల్లగా కనిపించింది. అక్కడ స్పీడు బ్రేకరు ఉంది. బండి దాని మీద ఎక్కి దిగింది. నా పక్కన ఆ మెత్తటి ఊపిరి వినిపించింది. తలుపు తెరుచుకుంది.

దబ్బున తెరుచుకోలేదు. లోపలివాళ్ళకు తగలకుండా ఎవరో పట్టుకుని తీసినట్టు మెల్లగా తెరుచుకుని, పూర్తిగా తెరుచుకున్నాక నిలిచింది. మంచు లోపలికి వచ్చింది. చెల్లెలు బండి ఆపేసింది. వెనక్కి తిరగలేదు, తల స్టీరింగు వైపే పెట్టుకుని కూర్చుంది. తలుపు తెరుచుకున్నాక ఎవరో ఒకరు దిగాలి కదా. ఏం తోచక గిన్నె కింద పెట్టి నేనే దిగాను.

దిగి వెనక్కి చూశాను. నేను తొంభై కిలోల మనిషిని. నేను లేచాక సీటు పొంగాలి. నేను కూర్చున్నచోట పొంగింది కూడా. తలుపు వైపున్న ఆ చిన్న గుంట మాత్రం అలాగే ఉంది, లోతుగా, ఇంకా బరువున్నట్టు. చూస్తుండగా ఒక విమానం మంచులోంచి మా మీదుగా దిగింది. దీపాలు ముందు, చప్పుడు తర్వాత. ఆ చప్పుడు విమానాశ్రయం గోడ అవతలికి పోయి అణిగిపోయేసరికి సీటు గుంట కూడా కొంచెం కొంచెంగా, పొయ్యి మీద పొంగే పూరీలాగా కాదు, నిదానంగా ఒక వయసున్న మనిషి లేస్తే లేచినట్టు లేచింది.

“ఆమె దిగిందా అన్నా?” అని చెల్లెలు అడిగింది. గొంతు మామూలుగానే ఉంది. “నిన్న గూడ గిట్లనే అయింది. నీకు చెప్పలే.”

నేను తలుపు మెల్లగా ఆనించి ముందు సీట్లో కూర్చున్నాను.

గోదాముల దగ్గర మళ్ళీ ఆ వెనక సీట్లో కూర్చోవడానికి నేను ఎంత ధైర్యం తెచ్చుకున్నానో ఎవరికీ తెలియదు. కూర్చున్నాను. తలుపు తెరిచి పెట్టి, అందరూ చూస్తుండగా పన్నెండు ఇడ్లీలు తిన్నాను. నేను ఒక్కో ఇడ్లీ తింటున్నకొద్దీ వాళ్ళు ఒక్కో అడుగు వెనక్కి జరిగారు. తర్వాత లేచి నిజం చెప్పాను. ధర తగ్గించడానికి నేనే అల్లాను, బండిలో ఏమీ లేదు అన్నాను. చివరి ముక్క అంటున్నప్పుడు గొంతు వణికింది. ఆ సాయంత్రం హోటల్లో ఉన్న ఇద్దరిలో ఒకడు, నెరిసిన మీసాలాయన, తల అడ్డంగా ఊపాడు.

“కథ జెప్పిననాడు నీ గొంతు గిట్ల వణకలే. గిప్పుడే అబద్ధమాడుతున్నవ్.”

మళ్ళీ డబ్బాలన్నీ తిరిగొచ్చాయి. ఇక మిగిలింది ఒక్కరోజు.

మధ్యాహ్నం చాచా ఇంటికి పోయి ఆయన ముందు నేల మీద కూర్చున్నాను. హోటల్లో కథ నేనే వదిలానని, అది మీ చేత ధర తగ్గించుకోవడానికి వేసిన ఎత్తని, మీ ఇంటామె సంగతి నాకేమీ తెలియదని చెప్పాను. దాని వల్ల ఇప్పుడు మా చెల్లెలి పొయ్యి ఆరిపోబోతున్నదని చెప్పాను. ఆయన నన్ను తిడతాడని, తగ్గించిన పైకం తెచ్చివ్వమంటాడని అనుకున్నాను. ఆయన ఒక్కటే అడిగాడు.

“అబద్ధమైతే శాలువ రంగు ఎట్ల తెలిసింది?”

“తెల్వదు చాచా.”

ఏమో, ఆ రోజు సీటు సందులో ఒక ఆకుపచ్చ దారం పోగు కనపడి, కన్ను చూసింది బుద్ధికి చెప్పలేదేమో. చప్పుడు విన్న చెవి, గుంట చూసిన కన్ను, మందు వాసన పట్టిన ముక్కు అన్నీ కలిసి నాకు చెప్పకుండా కథ అల్లి నా నోట పలికించాయేమో. ఇలా నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. గుండు సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. ఆ గుండు బండిలో లేదు కదా.

చాచా లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇంటికొచ్చినవాళ్ళను ఆకలితో పంపడం ఆమెకు తెలియదన్నాడు. ఆమె పేరు చెప్పి డెబ్బైమంది పస్తుండటం ఆమెకు చాలా కష్టంగా ఉంటుందన్నాడు. రేపు నేనొస్త అన్నాడు.

బుధవారం నేను స్కూటరు మీద ఆయన్ను సాతంరాయికి తెచ్చాను. మంచు ముందురోజు కంటే ఎక్కువగా ఉంది. ఆయన ముందు సీట్లో, చెల్లెలి పక్కన కూర్చున్నాడు. నేను వెనక కుడివైపు. మధ్యలో డబ్బాలు. ఎడమవైపు ఖాళీగా ఉంచాం. ఉంచుదామని ఎవరూ అనలేదు, ముగ్గురమూ ఉంచాం. ఆయన ఎక్కగానే అలవాటుగా అద్దం వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

గుండు దగ్గర స్పీడు బ్రేకరు ఎక్కి దిగాం. నేను చెవి ఎడమ తలుపు వైపు పెట్టి విన్నాను. తలుపు తెరుచుకోలేదు.

“ఆపు బేటీ,” అన్నాడు ఆయన.

దిగి, బండి వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చి, వెనక ఎడమ తలుపు తనే తెరిచాడు. దవాఖానా ముందు తెరిచినట్టు, ఒక చేత్తో తలుపు పట్టుకుని ఇంకో చెయ్యి ఆసరాగా చాచి నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో చెప్పలేను. పెదవులు కదిపి ఏదో అన్నాడు. నాకు మూడడుగుల దూరం కూడా లేదు, అయినా వినబడలేదు. ఇంత గొప్పలు చెప్పుకున్న చెవులు ఆ ఒక్క క్షణం పనిచేయలేదు. మంచులో కనిపించకుండా ఒక విమానం పోయింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, తలుపు వేశాడు.

ధబ్ అంది. ముందు రెండిటిలాగా, వెనక కుడిదానిలాగా.

గోదాముల దగ్గర మేస్త్రీ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. కూలీలు రేకుల షెడ్డు కింద గుంపుగా ఉన్నారు. చాచా టోపీ సరిచేసుకుని, మొదటి డబ్బా మూత తీసి, రెండు చేతులూ చాచి భార్య పేరు మీద ఫాతిహా చదివాడు. మా వైపు ఊళ్ళల్లో ఈ పని తెలియనివాడు లేడు. దర్గాలో పెద్దల పేరు మీద చదివి పంచింది హిందువుల ఇళ్ళలో కూడా కళ్ళకద్దుకుని తింటారు. దయ్యం ముట్టిన తిండి వేరు, పోయిన పెద్దమనిషి పేరు మీద పెట్టిన తిండి వేరు. రెండు రోజుల నుంచి మేము ఇది మొదటిది కాదని వాదిస్తున్నాం. ఇది రెండోదని చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు.

చదవడం అయ్యాక ఆయన ఒక ఇడ్లీ తుంచి చట్నీలో ముంచి తిన్నాడు. షెడ్డంతా ఆయన నోటినే చూస్తున్నది. నెమ్మదిగా నమిలి మింగాడు.

“ఉప్పు జర తక్కువైంది,” అన్నాడు.

“రేపు ఏస్త చాచా,” అంది చెల్లెలు.

ముందు నెరిసిన మీసాలాయన నవ్వాడు. నవ్వి, ముందుకొచ్చి చెయ్యి చాచాడు. ఆయన వెనక మిగతావాళ్ళు. పావుగంటలో డబ్బాలు ఖాళీ అయ్యాయి. మేస్త్రీ గడియారం మీద నుంచి చెయ్యి తీసేసి తనకూ ఒక ప్లేటు పెట్టించుకున్నాడు. బుద్వేల్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఆ తలుపు లోపలి అట్ట విప్పి చూశాను. గొళ్ళెం పన్ను సగానికి సగం అరిగిపోయి ఉంది. రెండేళ్ళు బలం లేని చెయ్యి సగం సగంగా వేస్తే అలాగే అరుగుతుంది. ఆ గుండు దగ్గర రోడ్డు ఎడమకు వాలి ఉంటుంది, పైగా స్పీడు బ్రేకరు. అలాంటి గొళ్ళెం అక్కడ తెరుచుకోవడంలో వింతేమీ లేదు. ఇదంతా చెల్లెలికి చెప్పి, కాటేదాన్‌లో కొత్తది దొరుకుతుంది, మారుస్తానన్నాను. గట్టిగనే పడుతున్నది గద, ఎందుకంది.

అది నిజం. ఆ బుధవారం నుంచి ఆ తలుపు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. మూడేళ్ళయింది. గొళ్ళెం అదే. మొన్న కూడా వేలు పెట్టి చూశాను, పన్ను ఇంకా అరిగింది, ఇంక అరగడానికి ఏమీ లేదు. నాకు తెలిసిన లెక్క ప్రకారం ఆ తలుపు ప్రతి కుదుపుకూ తెరుచుకోవాలి. తెరుచుకున్నది ఎందుకో చెప్పగలను. తెరుచుకోనిది ఎందుకో చెప్పలేను.

ఇప్పటికీ జనం పాత కార్లు చూడటానికి నన్ను పిలుస్తారు. వెళ్తాను, అరచెయ్యి ఆనిస్తాను, తలుపులు వింటాను. హోటల్లో మాత్రం చాయ్ తాగి నోరు మూసుకుని వచ్చేస్తాను. చెల్లెలు ఆ బండిలోనే టిఫిన్లు తీసుకుపోతున్నది. అప్పుడప్పుడు నేను కూడా వెంట వెళ్తాను. వెనక కుడివైపే కూర్చుంటాను. గుండు దగ్గరికి రాగానే ఆమె వేగం తగ్గిస్తుంది, స్పీడు బ్రేకరుకు కావలసినదాని కంటే ఇంకొంచెం ఎక్కువగా తగ్గించి, అద్దంలోకి ఒకసారి చూస్తుంది. ఆ అద్దంలో ఆమెకు ఏం కనిపిస్తుందో నేను అడగలేదు. అడిగితే చెబుతుంది. మా ఇంట్లో అబద్ధాలాడేది నేనొక్కణ్ణే.